పినతల్లియా? పరిచారికయా? – ఆలిస్ ఎయర్స్ జీవితమును గూర్చి యొక పరిశీలనము

లండను మహానగరమునకు పడమటి దిశను, థేమ్సు నదీతీరమున, ఐజిల్‌వర్త్ అను ప్రాంతము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున నది మిడిల్‌సెక్సు మండలమునకు చేరియుండెను. నేడు మహానగరములో అంతర్భాగము. అచ్చటి శ్మశానవాటికలో ఎఱ్ఱ గ్రానైటు రాతితో మలచిన స్తంభమొకటి నిలిచియున్నది. దాని యెత్తు సుమారు 14 అడుగులు. ఈజిప్టునుండి తెచ్చి 1878లో లండనున థేమ్సు గట్టుమీద నిలిపిన ‘క్లియోపాట్రా సూది’ యను ప్రాచీన శిలాస్తంభమును అనుకరించి దీనిని చెక్కిరి. దీని నీడలో సమాధియందున్నది ఆలిస్ ఎయర్స్ అను యువతి. ఆమె యొక కూలివాని కుమార్తె, అవివాహిత, 1885లో మరణించునాటికి 25 సంవత్సరముల ప్రాయము గలది.

విక్టోరియా రాణి పాలనకాలమున (1837–1901) ఇట్టి కుటుంబములలో పుట్టిన స్త్రీలకు సమాధిపై పేరు చెక్కిన రాయి యుండుటయే అరుదు. ఊరి వల్లకాటిలో ఏ గుర్తును లేని మంటిదిబ్బ క్రిందనో, పలువురిని కలిపి పాతిపెట్టిన గోతిలోనో వారి కథ ముగిసెడిది. ఆలిస్‌కు మాత్రము ఆ శ్మశానమునకు వచ్చినవారందఱి చూపు పడునంతటి రాతిస్తంభము లభించినది. ఆమె పేర లండనులో నొక వీధి కలదు. ఒక స్మారక ఫలకము కలదు. ఆమెనుగూర్చి పద్యములు, చిత్రములు, వ్యాసములు పుట్టినవి. అయినను ఇన్ని స్మారకములు కలిసి ఆమెనుగూర్చిన ఒక ముఖ్యవిషయమును మఱుగుపఱచినవి. ఆ విషయమేమో, అది యెట్లు మఱుగుపడెనో, ఎవరి ప్రయోజనమునకై మఱుగుపడెనో పరిశీలించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

పూర్వజీవితము

సామాన్యుల జీవితములకు ఆధారములు స్వల్పములు. ఇంగ్లండు, వేల్సులలో జననమరణ వివాహములను ప్రభుత్వము నమోదు చేయుట 1837లో ఆరంభమైనది. పదేండ్లకొకసారి జరుగు జనాభా లెక్కలలో ఇంటింటి మనుష్యుల పేర్లు వ్రాయుట 1841నుండి స్థిరపడినది. చదువను వ్రాయను అవకాశము లేనివారును, తమ జీవితమును తాము చెప్పుకొననివారును ఈ పట్టికలయందు మాత్రమే మనకు కనబడుదురు. ఆలిస్ పూర్వజీవితమును గూర్చి మనకు తెలిసినదంతయు ఇంచుమించుగా ఇట్టి పట్టికలు చెప్పినదే.

ఆలిస్ 1859 సెప్టెంబరు 12వ తేదీన ఐజిల్‌వర్త్‌లో జన్మించెను. తండ్రి జాన్ ఎయర్స్ కూలిపని చేయువాడు. పదిమంది సంతానములో నామె యేడవది. కూలివాని రాబడిపై పదిమంది బిడ్డలు పెరిగిన ఇంటిలో ఆడపిల్ల కొంత యెదిగినంతనే పరులయింట పనికి కుదురుకొనుట ఆనాటి పద్ధతి. దానివలన ఇంట తిను నోరొకటి తగ్గును. పిల్లకు కూడు, గుడ్డ, నీడ దొరకును. మీదుమిక్కిలి కొలదిపాటి జీతము. 1881 జనాభా లెక్కలనాటికి ఇంగ్లండు, వేల్సులలో ఇండ్లయందు పరిచర్య చేయు స్త్రీలసంఖ్య పండ్రెండు లక్షలకు మించియుండెను. ఆ దేశమున స్త్రీలు చేయు కూలిపనులన్నిటిలో ఇదియే అగ్రస్థానము వహించినది. ఈ లక్షలమందిలో ఆలిస్ యొకతె. ఆ యేటి లెక్కలలో ఆమె ఎడ్వర్డ్ వోక్స్ అను వైద్యునియింట పనిచేయుచున్నట్లు కనబడుచున్నది. వోక్స్ చెవి, గొంతు వ్యాధుల చికిత్సయందు పేరు గడించినవాడు.

పనికత్తెల దినచర్య ఎట్టిదో ఆకాలపు గృహనిర్వహణ గ్రంథములవలన తెలియుచున్నది. వానిలో ఇసబెల్లా బీటన్ రచించి 1861లో ప్రకటించిన గ్రంథము మిక్కిలి ప్రచారము పొందినది. యజమానురాండ్రకొఱకు వ్రాసిన గ్రంథమే యయినను, ఇంటిపనులన్నియు ఒంటిగా మోయు పనిపిల్లయెడల జాలిపడవలసియున్నదని అందు నొప్పుకొనబడినది. తెల్లవారకమునుపే లేచి పొయ్యిలలోని బూడిద యెత్తుట, బొగ్గు మోయుట, నిప్పు చేయుట, మెట్లు కడుగుట, పై యంతస్తులకు వేడినీరు చేర్చుట మొదలుగా రాత్రి తలుపులు మూయువఱకు ఆమెకు పనియే. మనిషికి విలువ ఆమె కనబడకుండ పని ముగించుటలో నుండెను. ఇట్టివారిని గూర్చి దస్తావేజులు మౌనము వహించుట వింతకాదు. కనబడకుండుటయే వారి వృత్తిధర్మముగా నెంచబడినది.

ఇంతలో 1877 డిసెంబరులో ఆలిస్ అక్క మేరీ ఆన్‌కు హెన్రీ చాండ్లర్‌తో వివాహమయ్యెను. హెన్రీ చాండ్లర్ నూనెలును రంగులును అమ్ము వర్తకుడు. థేమ్సునకు దక్షిణమున సదర్క్ ప్రాంతములో, యూనియన్ వీధిలోని 194వ యింట అతని దుకాణముండెను. క్రింద దుకాణము, పైన కాపురము. చిన్న వర్తకులకు ఇది వాడుక. 1885 నాటికి ఆలిస్ పరులయింటి కొలువు విడిచి ఈ యింటికి చేరియుండెను. ఇంటిపనిలో అక్కకు తోడ్పడుట, పిల్లలను పెంచుట ఆమె వంతు. ఆడపిల్లలు ముగ్గురును ఆమెతో నొకే గదిలో నిద్రించెడివారు. వారిలో ఈడిత్‌కు అయిదేండ్లు, ఎలెన్‌కు మూడేండ్లు, ఎలిజబెత్ తొమ్మిదినెలల పసికందు. హెన్రీ యను ఆరేండ్ల కుమారుడు తల్లిదండ్రులయొద్ద నుండెను.

ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలయును. ఆలిస్ ఆ యింట పనిచేసినమాట నిజము. ఆ యిల్లు ఆమె అక్కయిల్లు అనుటయు నిజము.

1885 ఏప్రిల్ 24

ఆ రాత్రి దుకాణమున నిప్పంటుకొనెను. అచ్చట నూనెపీపాలును, తుపాకిమందును నిలువయుండుటచే మంటలు క్షణములలో మెట్లదారి నాక్రమించినవి. లండను అగ్నిమాపకదళముయొక్క ప్రధానకేంద్రము సదర్క్ వంతెన రహదారిమీద, ఆ యింటికి సమీపముననే యుండెను. దళము త్వరగానే వచ్చినది. కాని దుకాణమునుండి చిమ్ముచున్న మంటల తీవ్రతవలన నిచ్చెనలను గోడకు చేర్చుట సాధ్యము కాలేదు.

ఆలిస్ రాత్రి యుడుపులతోనే పైయంతస్తు కిటికీలో కనబడెను. అంతకుమున్ను అక్క గదికి పోజూచి, పొగచే వెనుకకు నెట్టబడెను. క్రింద గుమిగూడినవారు దుమికి ప్రాణము దక్కించుకొమ్మని కేకలు వేసిరి. ఆమె వినక లోనికి పోయి, పఱపు నీడ్చుకొనివచ్చి కిటికీగుండ క్రిందికి తోసెను. ఈడిత్‌ను తెచ్చి దానిపై పడునట్లు జాగ్రత్తగా విడిచెను. మరల దుమకుమని కేకలు. మరల లోనికి పోయెను. ఈసారి ఎలెన్ పినతల్లి మెడను గట్టిగా కరచుకొని విడువనని మారాము చేసెను. ఆలిస్ ఆ చేతులు విడిపించి పిల్లను వెలుపలికి వేసెను; క్రింది జనములో నొకరు పట్టుకొనిరి. మూడవసారి పోయి, అప్పటికే తీవ్రముగా గాయపడిన ఎలిజబెత్‌ను తెచ్చి పఱపుపై జారవిడిచెను.

అటుపిమ్మట తాను దుమకబోయెను. కాని అప్పటికే పొగ మ్రింగి ఒడలు స్వాధీనము తప్పియుండెను. దుముకుటకు మారుగా కిటికీనుండి వాలిపడి, ముందునకు పొడుచుకొనివచ్చిన దుకాణపు పేరుపలకకు తగిలి, పఱపుపై గాక రాతిబాటపై పడి వెన్నెముకకు దెబ్బ తగిలించుకొనెను.

మంటలు చల్లారినపిదప హెన్రీ చాండ్లర్ శవము మెట్లపై దొరికినది. దుకాణపు సొమ్మున్న పెట్టె అతని చేతనే యుండెను. మేరీ ఆన్ శవము మొదటి యంతస్తు కిటికీచెంత, ఆరేండ్ల కొడుకు శవము ఆమె ప్రక్కను దొరికినవి.

ఈ వృత్తాంతమున ధైర్యమొకటే కాక వివేకము గూడ కనబడుచున్నదని మా యభిప్రాయము. ప్రతి రాత్రియు ఆ ముగ్గురు పిల్లలను పండబెట్టినది ఆమెయే; చీకటిలో, పొగలో ఎవరెచ్చట నున్నారో వెదకకుండ చేయి చాచి తీయగలిగినది ఆమెయే. ఏ పఱపును క్రిందికి తోసెనో ఆ పఱపు పండుకొను గదిలోనిదే. ఆపత్కాలమున పనికివచ్చినది ఆమె నిత్యకృత్యమువలన గలిగిన జ్ఞానము. చరిత్రకారులు ఆమె మరణమును వర్ణించిరి గాని, ఆ మరణమున పనిచేసిన యీ జీవితానుభవమును గమనించినవారు తక్కువ.

మరణము, అంత్యక్రియలు, శిల

ఆలిస్‌ను గైస్ వైద్యశాలకు చేర్చిరి. పత్రికలలో వార్త వెలువడగానే నగరమంతయు ఆమె క్షేమము నడుగజొచ్చినది. విక్టోరియా రాణి సైతము తన పరిజనములోని యొక స్త్రీని పంపి ఆమె స్థితి విచారించెను. ఏప్రిల్ 26వ తేదీన ఆలిస్ మరణించెను. తాను చేయగలిగినంత చేసితిననియు, అంతకుమించి చేయలేకపోతిననియు ఆమె తుదిమాటగా పత్రికలు ప్రకటించినవి. మరణశయ్యపై పలుకులను పత్రికలు తీర్చిదిద్దుట ఆ కాలమున సామాన్యమగుటచే, ఈ వాక్యమును ఆమె నోటిమాటగా గాక ఆమెను గూర్చి ప్రజలు వినగోరిన మాటగా గ్రహించుట క్షేమము.

1885 మే 4వ తేదీన అంత్యక్రియలు జరిగినవి. ఐజిల్‌వర్త్‌లోని తలిదండ్రుల యింటినుండి శ్మశానమువఱకు 16గురు అగ్నిమాపకులు వంతులవారీగా నలువురు నలువురు చొప్పున శవపేటికను మోసిరి. గ్రామపాఠశాల బాలికలు 20 మంది తెల్లని దుస్తులు ధరించి వెంట నడువవలెనని యేర్పాటు జరిగెను గాని పెద్ద వడగండ్లవాన కురిసి అది సాగలేదు. సదర్క్‌లోని సెయింట్ సేవియర్స్ దేవాలయమున జరిగిన స్మారకప్రార్థనకు జనము క్రిక్కిరిసి, నిలువ చోటులేక పలువురు వెనుదిరిగిపోయిరి. ఆ దేవాలయమే 1905నుండి సదర్క్ కథీడ్రల్‌గా ప్రసిద్ధి చెందినది.

ప్రజల చందాలతో సమాధిపై స్తంభము లేచినది. దానిపై నున్న శాసనము అగ్నిప్రమాదమును, మూడుమార్లు మంటలలోనికి పోవుటను, దుమికి గాయపడి మరణించుటను చెప్పుచు, ఆమె ధైర్యమును వివేకమును కొనియాడుచున్నది. పిల్లలను గూర్చి మాత్రము వారు ఆమె సంరక్షణమునకు అప్పగింపబడినవారని చెప్పినది. ఆ పిల్లలు ఆమె అక్కబిడ్డలని శాసనము చెప్పదు. ఇది అబద్ధము కాదు; అర్ధసత్యము. కథ మారుటకు తగిన సందు రాతియందే యేర్పడినది.

కథ మారిన తీరు

రెండేండ్లు గడచినవి. 1887లో విక్టోరియా రాణి పాలనకు ఏబదియేండ్లు నిండినవి. ఆ జూబిలీకి స్మారకముగా ఏమి చేయదగునని పలువురు పలుసూచనలు చేయుచుండిరి. ప్రసిద్ధ చిత్రకారుడు జార్జి ఫ్రెడరిక్ వాట్స్ (1817–1904) సెప్టెంబరు 5వ తేదీన ‘ది టైమ్స్’ పత్రికలో ఒక లేఖ ప్రకటించెను. ఇతరుల ప్రాణములు కాపాడుటకై ప్రాణములర్పించిన సామాన్యులకు జాతి ఒక స్మారకమును నిర్మింపవలెనని అతని సూచన. జాతికి శాశ్వతమైన సంపద ప్రజల సత్కార్యములే గాని ధనధాన్యములు కావని అతని వాదము. ఇందులకు ప్రధానోదాహరణముగా అతడు గ్రహించినది ఆలిస్ కథనే. కాని ఆ లేఖలో ఆలిస్ ఒక నూనెదుకాణమున ఇంటిపనులన్నియు చేయు దాసి. ఆమె కాపాడినది యజమాని బిడ్డలను. అక్క, బావ అను బాంధవ్యమును గూర్చి అందు ప్రస్తావన లేదు.

లేఖకు వెంటనే ఫలము కలుగలేదు. ప్రభుత్వము ముందునకు రాకపోగా, వాట్స్ తానే పూనుకొనెను. లండను నగరమధ్యమున సెయింట్ బాటల్ఫ్ దేవాలయపు పాత శ్మశానభూమి 1880లో ఉద్యానముగా మార్పబడియుండెను. సమీపమున తపాలా ప్రధాన కార్యాలయ ముండుటచే దానికి ‘పోస్ట్‌మాన్స్ పార్క్’ అను పేరు వచ్చెను. అచ్చట కొయ్యతో కట్టిన పంచపాళిలో, విలియం డి మోర్గన్ కాల్చి తయారుచేసిన పింగాణీ పలకలపై పేర్లు వ్రాయించి, 1900 జులై 30న స్మారకమును ఆవిష్కరించిరి. వాట్స్ అస్వస్థుడై ఆ సభకు రాలేకపోయెను. తొలుత నాలుగు ఫలకములే యుండెను. 1902లో చేర్చిన వానిలో ఆలిస్ ఫలకము కలదు. అందామె తాపీపనివానిక్రింది కూలివాని కుమార్తెయని పరిచయము చేయబడినది. కుటుంబములో ఆమెకు తండ్రి మాత్రమే మిగిలెను. ఆ తండ్రి యొక్క పేరు గాక వృత్తియే మిగిలెను. ముగ్గురు పిల్లలు ‘ముగ్గురు పిల్లలు’ మాత్రమే. 2009లో చేర్చిన దానితో గూడ ఆ గోడపై 54 ఫలకములు, 62 మంది పేర్లు కలవు.

ఈ రెండు తేదీల నడుమ ఆలిస్ పేరు పలుచోట్ల వెలసినది. లారా లేన్ 1888లో ప్రకటించిన సామాన్యవీరుల చరిత్రలలో ఆమె కథ చేరినది. హార్డ్‌విక్ రాన్‌స్లీ యను మతాచార్యుడు ఆమెపై పద్యకథ నల్లెను. సదర్క్‌లోనే, అగ్నిప్రమాదము జరిగిన చోటికి మిక్కిలి చేరువలో, ఆక్టేవియా హిల్ అను సంఘసేవకురాలు పేదలకొఱకు కుటీరములును, తోటయు, రెడ్‌క్రాస్ హాల్ అను సభామందిరమును నెలకొల్పెను. ఆ మందిరపు గోడలపై సామాన్యుల సాహసకృత్యములను చిత్రించు బాధ్యత వాల్టర్ క్రేన్ అను చిత్రకారునిది. 1890లో పూర్తియైన తొలి చిత్రము ఆలిస్‌దే. జరిగినది జరిగినట్లు చిత్రించుట క్రేన్ ఉద్దేశము కాదు. మతచిత్రములలో పుణ్యస్త్రీలను చిత్రించు మర్యాదను అతడు అనుసరించెను.

మార్పునకు హేతువులు

అక్కబిడ్డలు యజమాని బిడ్డలుగా మారుటకు కారణమేమి? కేవలము పొరపాటనుకొందమన్న, అట్టి పొరపాటు పలువురిచేత ఒకే దిక్కునకు సాగదు. మాకు మూడు హేతువులు తోచుచున్నవి.

మొదటిది, సంపన్నవర్గముయొక్క భయము. సేవకులయొక్క విశ్వాసము ఆనాటి మధ్యతరగతి గృహమునకు పునాది. తమ బిడ్డలను, తాళపుచెవులను, రహస్యములను తక్కువ జీతపు పరస్త్రీ చేతిలో నుంచుచు, ఆమె హృదయమున నేమున్నదో యెఱుగని యిల్లాండ్రకు, యజమాని బిడ్డలకై ప్రాణమిచ్చిన దాసికథ గొప్ప ఊరట. అక్కబిడ్డలకై ప్రాణమిచ్చిన పినతల్లికథ వారికి ఆ యూరటను కలిగింపజాలదు.

రెండవది, నీతిబోధకుల తర్కము. రక్తసంబంధమున్నచోట త్యాగము సహజమనియు, సంబంధములేనిచోట త్యాగమే ఉత్తమమనియు వారి భావము. బాంధవ్యమును చెరిపివేసినకొలది త్యాగము వన్నెకెక్కునని వారు తలచిరి. ఇందొక సూక్ష్మమైన అన్యాయము కలదు. ఆలిస్ చేసిన పని యేమియు మారలేదు. మూడుసార్లు మంటలోనికి పోవుట యొకటే. అయినను ఆమె ఎవరో చెప్పినంతనే ఆ పని విలువ తగ్గునని వారు లోలోన సందేహించిరన్నమాట.

మూడవది, సంస్కర్తల యవసరము. 1870 విద్యాచట్టము తరువాత చదువనేర్చిన శ్రామికుల సంఖ్య పెరిగినది, పత్రికలు చౌకయైనవి. ఈ క్రొత్త పాఠకులకు ఆదర్శములు కావలెను. ఆ యాదర్శములు వారి వర్గమునుండియే రావలెనని వాట్స్ కోరిక. పేదలయందును మహత్త్వము కలదని చాటుట ఆక్టేవియా హిల్ ఉద్దేశము. సామ్యవాదియగు క్రేన్ సైతము సామాన్యజనుల మానవత్వమునే ఆమెయందు చూచెను. ఈ ముగ్గురి ఆశయములు వేఱు. సదుద్దేశమునందు మాకు సందేహము లేదు. కాని మువ్వురికిని కావలసినది ఆలిస్ మరణము; ఆమె జీవితము కాదు. జీవితమును గూర్చి తెలిసినది స్వల్పమగుటయే వారికి అనుకూలించినది. ఖాళీపలకపై ఎవరి వ్రాత వారు వ్రాయవచ్చును.

ఇటీవలి పరిశోధకులలో జాన్ ప్రైస్ సామాన్యవీరులను గూర్చి విక్టోరియా యుగము కల్పించుకొన్న భావములను పరిశీలించుచు 2014లో ప్రకటించిన గ్రంథము ఈ విషయమున ప్రామాణికము. వీరత్వమనునది కార్యమునందెంత కలదో, కార్యమును చెప్పువారియందును అంత కలదని అట్టి పరిశోధనలవలన స్పష్టమగుచున్నది.

‘పినతల్లి’ యను మాట

ఇట తెలుగుపాఠకునకు ఒక సౌలభ్యము కలదు. దానితోపాటు ఒక ప్రమాదమును కలదు. తల్లి చెల్లెలిని, తండ్రి చెల్లెలిని, మామ భార్యను ఇంగ్లీషు ఒకేమాటతో పిలుచును. ఆ మాటకు బరువు తక్కువ. శాసనమునుండి జారిపోయినను ఎవరికిని లోపము తోచదు. తెలుగున తల్లి చెల్లెలు పినతల్లి. ఆ మాటలోనే తల్లి యున్నది. దానిని తొలగించి ‘దాసి’ యని వ్రాసినచో ఎంత మాఱుమాట వ్రాసితిమో మన చెవికి వెంటనే తెలియును. ఎలెన్ మెడ విడువకుండుటకు కారణమును మనకు వేఱుగా చెప్పవలసిన పనిలేదు.

ప్రమాదమేమనగా, దాసి యను ముసుగును తొలగించి వెంటనే తల్లియను ముసుగును తొడుగుట. స్త్రీ త్యాగము చేసినప్పుడెల్ల దానిని మాతృత్వమునకు ముడివేయుట మనకును అలవాటే. తెలుగునాట ఊరూర వీరగల్లులు కలవు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మవలె పేరంటాండ్రుగా పూజలందుకొను స్త్రీలు కలరు. పూజ ఆరంభమైనపిదప బ్రతికిన మనిషిని వెదకుట కష్టమని ఆ కథలను సేకరించినవారికి తెలియును. ఐజిల్‌వర్త్ స్తంభమునకు పూజలు లేవు గాని, దానిచుట్టును జరిగినది ఇంచుమించు అదియే. మరణించినది స్త్రీ, నిలిచినది మూర్తి.

కావున పినతల్లియా, పరిచారికయా యను ప్రశ్నకు ఒకదానిని గ్రహించి వేఱొకదానిని త్రోసివేయుట సరికాదు. ఆలిస్ రెండును. అక్కయింట నుండుటచే ఆమె పని పని కాకపోలేదు. పని చేయుటచే ఆమె చెల్లెలు కాకపోలేదు. ఆ కాలపు శ్రామిక కుటుంబములలో పెండ్లికాని చెల్లెలు అక్కయింట చేరి పిల్లలను పెంచుట యొక జీవనవిధానము. అందు ప్రేమ యెంతవఱకు, అవసరమెంతవఱకు అని గీత గీయుట వారికే సాధ్యము కాకపోయియుండును. వాట్స్ లేఖలోని దోషము ఆమెను పనికత్తె యనుట కాదు. పనికత్తె మాత్రమే యనుట. మనము ఆమెను పినతల్లి మాత్రమే యని, వైద్యునియింటి కొలువును, బూడిదయెత్తిన వేకువలను, కూలివాని పదిమంది బిడ్డలలో నేడవదియగుటను మఱచినచో అదే దోషమును రెండవదిక్కునుండి చేసినవారమగుదుము.

తరువాతి కాలము

1936లో అగ్నిప్రమాదస్థలమునకు సమీపమున నున్న వైట్ క్రాస్ వీధికి ‘ఎయర్స్ వీధి’ యని పేరు మార్చిరి. 1997లో పాట్రిక్ మార్బర్ రచించిన ‘క్లోజర్’ అను నాటకమునందును, దాని ననుసరించి 2004లో వెలువడిన చలనచిత్రమునందును ఒక పాత్ర పోస్ట్‌మాన్స్ పార్క్‌లోని ఫలకమును చూచి ఆలిస్ ఎయర్స్ అను పేరును తన పేరుగా చెప్పుకొనును. అది మారుపేరని కథ చివర బయటపడును. నాటకకర్త యెఱిగి చేసినను ఎఱుగక చేసినను ఇది తగిన కల్పనయే. అప్పటికి నూఱేండ్లకు పైగా ఆ పేరును ఎవరి యవసరమునకు వారు తొడుగుకొనుచునే యుండిరి.

పరిశోధక విద్యార్థులకు ఈ యుదంతమునుండి గ్రహింపదగిన విషయములు రెండు. శాసనము సమకాలికమైనంతమాత్రమున సమగ్రము కాదు. ఐజిల్‌వర్త్ శిల సంఘటన జరిగినపిమ్మట ఎక్కువకాలము గడువకమునుపే లేచినది. ఐనను పిల్లల బాంధవ్యమును వదలివేసినది. శాసనమున నేమున్నదో చదువుటతోపాటు ఏమి లేదో చదువుటయు పరిశోధకుని విధి. రెండవది, సామాన్యులకు కీర్తి వచ్చినప్పుడు ఆ కీర్తిని మరింత జాగ్రత్తతో పరీక్షింపవలెను. రాజులను గూర్చి అబద్ధము వ్రాసినచో ఖండించుటకు వేఱొక రాజుయొక్క శాసనముండును. కూలివాని కుమార్తెను గూర్చి తప్పు వ్రాసినచో ఖండించుటకు జనాభా లెక్కలలోని ఒక పంక్తి, పెండ్లి పుస్తకములోని ఒక నమోదు మాత్రమే యుండును.

ఆలిస్ విషయమున ఆ పంక్తియు, ఆ నమోదును నిలిచియున్నవి. 1877 నాటి వివాహపు నమోదు మేరీ ఆన్ ఎయర్స్ హెన్రీ చాండ్లర్‌ను పెండ్లాడెనని చెప్పుచున్నది. పదునాలుగడుగుల గ్రానైటు చెప్పక విడిచిన మాటను ఆ సిరాగీత చెప్పుచున్నది.